నాయిన వంతు: కడుపుల బిడ్డ నుంచి బడి ఈడు దాకా తండ్రి చేయాల్సిన పనులు

అంగన్‌వాడీ లబ్ధిదారుల కుటుంబాలకు పాఠం (నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతం)

ఈ పాఠం తండ్రుల కోసం. ఫోన్ మీ ఇంటామె చేతిలో ఉంటే, రాత్రి బువ్వ తిన్నాక ఇద్దరూ కలిసి చదవండి. చదువు రాకపోతే చదివించుకొని వినండి.

బరువు చూపించుడు, టీకాలు, బాలామృతం, గుడ్లు – వీటన్నిటికీ కేంద్రానికి వచ్చేది ఎక్కువగా తల్లే. కానీ ఆస్పత్రికి ఎప్పుడు పోవాలె, డబ్బు దేనికి ఖర్చు పెట్టాలె, వలస ఎప్పుడు పోవాలె అనేది చాలా ఇండ్లల్లో తండ్రే చెప్తాడు. పాఠం ఒకరికి చెప్పి, నిర్ణయం ఇంకొకరు తీసుకుంటే పథకం సగమే పనిచేస్తుంది. అందుకే 2025 సెప్టెంబర్ 17న మొదలైన 8వ జాతీయ పోషణ మాసంలో పోషణలో, పిల్లల పెంపకంలో మగవాళ్ల పాత్రను ఒక ముఖ్య అంశంగా పెట్టారు.

1. గర్భిణిగా ఉన్నప్పుడు

ఆరోగ్యలక్ష్మి పథకం 2015 జనవరి 1న మొదలైంది. గర్భిణికి, బాలింతకు అంగన్‌వాడీ కేంద్రంలోనే ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. నెలకు కనీసం 25 రోజులు. ఇంటికి తెస్తే అందరికీ పంచి ఆమె చివరికి మిగిలింది తింటుందని, కేంద్రంలోనే కూర్చొని తినాలని పెట్టారు.

తండ్రి వంతు ఏమిటంటే, ఆ పూట ఆమెను పోనివ్వాలె. పత్తి ఏరే రోజుల్లో "ఇయ్యాల కూలి పోతది, రేపు పో" అనకండి. ఆ గంట ఇంటి పని మీరు అందుకోండి.

నాలుగో నెల నుంచి రోజుకొక ఐరన్ మాత్ర, 180 రోజులు మింగాలి. కాన్పు తర్వాత మళ్లీ 180 రోజులు. చాయ్‌తో, పాలతో కలిపి మింగితే రక్తం పట్టదు. రాత్రి బువ్వ తిన్నాక నీళ్లతో మాత్ర గుర్తు చేయుడు తండ్రి పని అనుకోండి.

రక్తం పోవుడు, ముఖం చేతులు వాచుడు, కండ్లు మసకలు, తీవ్రమైన తలనొప్పి, ఫిట్స్, బిడ్డ కదలిక తగ్గుడు – వీటిలో ఏది కనిపించినా తెల్లారే దాకా ఆగకండి. 108కి ఫోన్ చేయండి. తండా నుంచి రోడ్డు మీదికి ఎట్ల రావాలె, ఎవరి బండి అడగాలె, చేతిల ఎంత డబ్బు ఉండాలె అన్నది ఏడో నెలలోనే ఇద్దరూ అనుకొని పెట్టుకోండి.

2. కాన్పు అయినాక

గంటలోపు ముర్రుపాలు పట్టించాలి. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దు. అమ్మమ్మ, నాయనమ్మ తేనె నాకిస్తామంటే వద్దని నెమ్మదిగా చెప్పాల్సింది కొడుకే. కోడలు చెప్తే గొడవ అవుతుంది, కొడుకు చెప్తే వింటారు.

బిడ్డ రెండున్నర కిలోల కంటే తక్కువ పుడితే ఛాతీకి ఆనించి పట్టుకొని వెచ్చగా ఉంచమంటారు. తల్లి అలసిపోయినప్పుడు తండ్రి ఛాతీ కూడా ఆ పని చేస్తుంది.

ఆస్పత్రిలో కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికొస్తుంది. ఆ తర్వాత 3, 6, 9, 12, 15వ నెలల్లో వస్తుంది. వీలైనప్పుడు తండ్రి కూడా పక్కన కూర్చొని వినాలి. బిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్లు సలసల కాలినా చల్లబడినా, డొక్కలు ఎగరేసినా వెంటనే ఆస్పత్రికి.

21 రోజుల్లోపు జనన నమోదు చేయించండి. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీకి ఆ సర్టిఫికెట్టే ఆధారం. బడిలో చేర్పించేటప్పుడు తిరగకుండా ఉండాలంటే ఈ పని ఇప్పుడే అయిపోవాలి. ఆడపిల్ల పుట్టినా, రెండో ఆడపిల్ల పుట్టినా ఇదే హక్కు, ఇదే బాలామృతం, ఇదే గుడ్డు. ఆమెను మొదట ఎత్తుకోవాల్సింది మీరే. మీరు ముఖం తిప్పుకుంటే ఊరంతా తిప్పుకుంటది.

3. ఏడో నెల నుంచి

బిడ్డకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం, 16 గుడ్లు వస్తాయి. రోజుకు వంద గ్రాముల లెక్క. అది ఆ బిడ్డ వంతు, పెద్దల చాయ్‌తో తినేది కాదు. కార్డులో బరువు గీత పైకి పోతుందా, కిందికి వస్తుందా అని నెలకొకసారి మీరు స్వయంగా చూడండి. గీత రెండు నెలలు ఒకే దగ్గర ఆగితే టీచరమ్మను అడగండి.

మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది. బిడ్డ బువ్వకు, తాగడానికి మిషన్ భగీరథ నీళ్లే వాడండి. ఆ బిందె మోసేది తండ్రి అయితే తల్లికి ఒక బరువు తగ్గుతుంది.

బిడ్డతో మాట్లాడుడు కూడా తిండి లాంటిదే. పిట్టను చూపించండి, గిన్నె మోగించండి, పేరు పెట్టి పిలవండి, వాడు చేసిన శబ్దాన్ని తిరిగి చేయండి. రోజుకు పావుగంట చాలు, కానీ ఆ పావుగంట ఫోన్ పక్కన పెట్టాలె.

4. వలస పోయిన తండ్రులకు

పాలమూరు నుంచి హైదరాబాద్, ముంబై, పుణె పోయిన తండ్రులు ఇంటికి దూరం, పిల్లలకు దూరం కానవసరం లేదు. రోజూ ఒకే సమయానికి ఫోన్ చేయండి. "డబ్బులు అందినయా?" అని మాత్రమే కాకుండా, "ఇయ్యాల ఏం తిన్నడు? బరువు ఎంత వచ్చింది?" అని అడగండి.

కుటుంబమంతా పోతుంటే, లేదా ఆమె కాన్పుకు పుట్టింటికి పోతుంటే, ముందే అంగన్‌వాడీ టీచర్‌కు చెప్పండి. పోషణ్ ట్రాకర్‌లో పేరును కొత్త ఊరి కేంద్రానికి మార్చే వీలుంది. కార్డు, ఆధార్ వెంట ఉంచుకోండి.

5. కోపం, తాగుడు

ఇంట్లో కొట్లాట జరిగితే బిడ్డకు ఏం తెలుస్తది అనుకోకండి. మాటలు రాని బిడ్డ కూడా గొంతు పెరిగితే ఉలిక్కిపడుతుంది. నిద్ర సరిగా పోదు, పాలు సరిగా తాగదు.

ఆఫ్రికాలోని రువాండా దేశంలో బండెబెరెహో అనే కార్యక్రమంలో తండ్రులను గుంపుగా కూర్చోబెట్టి 15 పాఠాలు చెప్పారు. వాటిలో 8 పాఠాలకు భార్యలు కూడా వచ్చారు. దాదాపు రెండేండ్ల తర్వాత అడిగితే, పాఠాలు విననివాళ్ల ఇండ్లకంటే ఈ ఇండ్లల్లో భార్యను, పిల్లలను కొట్టుడు తక్కువగా ఉందని తేలింది. పిల్లల పని మీద తండ్రులు పెట్టే సమయం కూడా పెరిగింది. అంటే మగవాళ్ల తీరు మారదనే మాట నిజం కాదు. నేర్పిస్తే నేర్చుకుంటారు.

కోపం వచ్చినప్పుడు ఇంట్ల నుంచి బయటికి వచ్చి కాసేపు నడవండి. తాగి వచ్చిన రాత్రి డబ్బు లెక్కలు తీయకండి. తాగుడు మానలేకపోతే 14446కు, మనసు బాగలేకపోతే 14416కు ఫోన్ చేయొచ్చు.

తల్లులకు ఒక మాట: తండ్రి చేసిన పని వంకర పోయినా వెంటనే గుంజుకోకండి. లంగోటి తప్పుగా కట్టినా రెండోసారికి వస్తది. కానీ కొట్టుడును మాత్రం ఓర్చుకోవాల్సిన పని లేదు. 181కి ఫోన్ చేయండి, లేదా జిల్లా కేంద్రంలోని సఖి కేంద్రానికి పోండి.

6. మీరు అడిగే ప్రశ్నలు

"మగోడు బిడ్డను ఎత్తుకుంటే నలుగురు నవ్వరా?" మొదటి వారం నవ్వుతారు. తర్వాత వాళ్ల ఇంట్ల ఆడోళ్లే వాళ్లను అడుగుతారు.

"పొద్దంతా పనిచేసి వస్తా, నాకు తీరికెక్కడ?" బువ్వ తినిపించుడు, స్నానం పోయించుడు, నిద్రపుచ్చుడు – ఈ మూడింటిలో ఒక్కటి మీది చేసుకోండి.

"అంగన్‌వాడీ మీటింగ్‌కు మగోళ్లు రావచ్చా?" రావచ్చు. తారీఖు టీచరమ్మను అడిగి తెలుసుకోండి, ఇద్దరూ కలిసి రండి.

గుర్తు పెట్టుకోవాల్సిన నంబర్లు: అంబులెన్స్ 108, గర్భిణులు, బాలింతలకు అమ్మ ఒడి వాహనం 102, మహిళలకు 181, పిల్లలకు 1098.

ఈ వారం చేయాల్సింది ఒక్కటే: మీ బిడ్డ కార్డు తీసి పోయిన నెల బరువు ఎంతో చూడండి. తెలియకపోతే రేపు పొద్దున బిడ్డను ఎత్తుకొని మీరే కేంద్రానికి పోండి.