జెంటూ, తిలంగా : రెండు పాత మాటల అర్థవిచారము

సిద్ధగోరా మొదలగు పేటలతో పెరిగిన జంషెడ్‌పూరునకు ఉక్కు కర్మాగారపు పనులకై వలసవచ్చిన తెలుగువారు తమ భాషను తెలుగనియే చెప్పుకొందురు. కాని టాటా ఉక్కు సంస్థ 1907లో ఏర్పడుటకు నూరేండ్లకు పూర్వము ఆంగ్లేయుల వ్రాతలలో ఈ భాషకు ‘జెంటూ’ అను పేరు కలదు. అదే కాలమున వంగదేశమందు తెలుగువారి పేరే ‘తిలంగా’ అను రూపమున వేరొక అర్థమును పొందినది. నేడు ఇంగ్లీషులో రెండును వాడుక తప్పిన మాటలే.

పోర్చుగీసువారు మహమ్మదీయులనుండి వేరుపరచుటకై హిందువులను ‘జెంతియు’ అనిరి. క్రైస్తవేతరుడని దాని భావము. ఆ మాటయే ఇంగ్లీషున జెంటూ అయినది. 1776లో హాల్‌హెడ్ ప్రకటించిన జెంటూ ధర్మశాస్త్రము హిందూ ధర్మశాస్త్రమే; తెలుగునకు దానితో సంబంధము లేదు. మదరాసులోనో, జెంటూ అనగా తెలుగు. 1816లో కాంబెల్ తన వ్యాకరణమునకు తెలుగు పేరునే ముందుంచి, సామాన్యముగా జెంటూ అనబడునదని చేర్చెను. సరియైన పేరు తెలిసియు వాడుక పేరును విడువలేకపోయెనన్నమాట. పోర్చుగీసువారు వచ్చునప్పటికి విజయనగరము ప్రబలముగా నుండుటచే ఈ అర్థసంకోచము కలిగియుండునని 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటుకర్తలు తలచిరి. యుక్తమే కాని, ఊహయే. (దక్షిణ సముద్రములలోని ఒక పెంగ్విను జాతికి మాత్రము జెంటూ పేరు నిలిచియున్నది. అది ఎట్లు వచ్చెనో ఏకాభిప్రాయము లేదు.)

తిలంగా కథ ఇందుకు విపరీతము. 1756లో క్లైవు మదరాసునుండి సిపాయిలను వంగదేశమునకు గొనిపోయెను. దక్షిణమునుండి వచ్చిన వారి పేరు క్రమముగా సిపాయి యనువాడెవనికైనను చెల్లినది. హిందీయందును తిలంగా అనగా సిపాయియే. అవధ్ వాడైనను, భోజపురీ వాడైనను కావచ్చును. అయినను దేశభాషాపరమైన అర్థము అక్కడ పూర్తిగా నశింపలేదు: 1814లో శ్రీరామపురమున కేరీ ప్రకటించిన తెలుగు వ్యాకరణము పేరులో ‘తెలింగానా భాష’ అనియే యున్నది. రెండేండ్ల వ్యవధిలో వెలువడిన రెండు వ్యాకరణములు ఒకే భాషను రెండు పేర్లతో పిలిచినవి.

కావున పత్రము ఏ రాజధానిలో పుట్టినదో చూడక ఈ మాటలకు అర్థము చెప్పరాదు. మదరాసు పత్రములలోని జెంటూ లేఖను హిందూ లేఖయని అనువదించినచో ఒక తెలుగు ఆధారము చేజారును. వంగదేశపు పత్రములలోని తిలంగాలనందరను తెలుగువారిగా లెక్కించినచో లేని వలస యొకటి పుట్టును. జంషెడ్‌పూరు తెలుగువారి చరిత్రను ఉక్కు కర్మాగారమునకు ముందునకు జరుపగోరువారు, ఛోటానాగపూరు నాటి పత్రములలో తిలంగా పటాలము కనబడినంతనే ఆగి, ఆ సిపాయిల పేర్లను, ఊళ్లను మొదట పరిశీలింపవలెను.