వెన్న పరీక్షలో గంధకామ్లం

మన సంఘంలో పోసే పాలకు ధర కట్టేది ముఖ్యంగా వెన్న శాతాన్ని బట్టి. ఆ శాతాన్ని తేల్చే గెర్బర్ పరీక్షకు ఆధారం గంధకామ్లం. పరీక్ష గదిలో దానిని మనం ‘యాసిడ్’ అనే అంటాం. అది సరైనది కాకపోతే రైతుకో, సంఘానికో నష్టం తప్పదు. కనుక దాని సంగతి సభ్యులందరూ తెలుసుకోవడం మంచిది.

గంధకాన్ని కాల్చగా వచ్చే వాయువు నుంచి ఈ ఆమ్లాన్ని తయారుచేస్తారు. రాగి, జింకు కర్మాగారాలలో ఖనిజాన్ని వేడిచేసినపుడు వెలువడే గంధక వాయువు నుంచి కూడా ఇది వస్తుంది. దీని వాడకంలో పెద్ద భాగం ఎరువులదే. రాతి ఫాస్ఫేటును దీనితో కలిపితే మనం పొలంలో వేసే సూపర్ ఫాస్ఫేటు తయారవుతుంది. ట్రాక్టరు బ్యాటరీలో ఉండేదీ నీరు కలిపిన ఈ ఆమ్లమే.

పరీక్షలో బ్యూటిరోమీటరులో ముందుగా 10 మి.లీ. ఆమ్లం, దానిపై నెమ్మదిగా 10.75 మి.లీ. పాలు, తరువాత 1 మి.లీ. ఎమైల్ ఆల్కహాలు పోస్తారు. ఆమ్లం పాలలోని మాంసకృత్తులను కరిగించి వెన్నను విడదీస్తుంది. యంత్రంలో తిప్పగానే తేలికైన వెన్న ఒకచోట చేరుతుంది.

బజారులో దొరికే గాఢ ఆమ్లం సుమారు 98 శాతం ఉంటుంది. పరీక్షకు కావలసింది 90 నుంచి 91 శాతం. అంటే 27 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద దాని సాంద్రత 1.807 నుంచి 1.812 వరకు ఉండాలి. గాఢత ఎక్కువైతే వెన్న మాడి నల్లని నలుసులు కనిపిస్తాయి. తక్కువైతే కరగని తెల్లని నలుసులు మిగులుతాయి. రెండు సందర్భాలలోనూ ఆ అంకెను నమ్మరాదు. పరీక్ష మళ్ళీ చేయాలి. సీసా మూత తెరిచి ఉంచితే ఆమ్లం గాలిలోని తేమను పీల్చి పలుచబడుతుంది.

ఈ జాగ్రత్తలు మరువరాదు:

1. పలుచన చేసే పని శిక్షణ పొందినవారే చేయాలి. ఆమ్లాన్ని నీటిలో కొద్దికొద్దిగా పోయాలి. నీటిని ఆమ్లంలో ఎన్నడూ పోయరాదు.

2. పిపెట్టుతో ఆమ్లాన్ని నోటితో పీల్చరాదు.

3. ఒంటిమీద గాని, కంట్లో గాని పడితే వెంటనే ధారాళంగా నీటితో 20 నిమిషాలు కడిగి, డాక్టరు వద్దకు వెళ్ళాలి.

4. 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుల ప్రకారం చిల్లరగా ఆమ్లం అమ్మేవారు కొన్నవారి వివరాలను రిజిస్టరులో రాయాలి. సంఘంలోనూ వాడిన ఆమ్లానికి లెక్క ఉంచి, సీసాలను తాళం వేసి భద్రపరచాలి.

ఇప్పుడు అనేక సంఘాలలో ఎలక్ట్రానిక్ యంత్రాలు వచ్చాయి. అవి సరిగా చూపుతున్నవో లేదో గెర్బర్ పరీక్షతో సరిచూడాలి. కాబట్టి ఆమ్లం అవసరం తీరిపోలేదు.

సభ్యులు తమ పాల పరీక్ష జరిగేటప్పుడు గొట్టంలోని వెన్న పట్టీని ఒకసారి చూడాలని కోరుతున్నాం. అది పసుపు రంగులో తేటగా ఉండాలి. నలుసులు కనిపిస్తే పరీక్ష మళ్ళీ చేయమని మర్యాదగా అడగండి. అది మీ హక్కు.