ఎస్టిమేటులో ఇంకో కాలమ్ గీయండి

మీరు సివిల్ ఇంజినీరు కావచ్చు, క్వాంటిటీ సర్వేయరు కావచ్చు, కాంట్రాక్టరు దగ్గర బిల్లులు చూసే కొత్త ఉద్యోగి కావచ్చు. పునాది తవ్వకముందే ఆ కట్టడం మొత్తాన్ని కాగితం మీద చూసేది మీరే. సిమెంటు ఎన్ని బస్తాలు, ఇనుము ఎన్ని టన్నులు, కంకర ఏ క్వారీ నుంచి, లీడ్ ఎన్ని కిలోమీటర్లు, అంతా మీ షీటులోనే ఉంటుంది. వాటిని రేటుతో గుణించి రూపాయలు చెబుతున్నారు. అవే పరిమాణాలను ఇంకో అంకెతో గుణిస్తే ఆ కట్టడం వల్ల గాలిలో కలిసే కార్బన్ డయాక్సైడ్ ఎంతో తేలుతుంది. ఆ లెక్కకు కావలసిన సరుకంతా చేతిలో ఉన్న మనిషి మీరు. అడిగేదాకా ఆగకండి, మీరే చెప్పండి.

ఒక శ్లాబు లెక్క వేద్దాం. వైశాల్యం 100 చదరపు మీటర్లు, మందం 125 మిల్లీమీటర్లు. కాంక్రీటు 12.5 ఘనపు మీటర్లు. ఎం20 నామినల్ మిక్సులో ఘనపు మీటరుకు 8 బస్తాల చొప్పున 100 బస్తాలు, అంటే 5 టన్నుల సిమెంటు. ఓపీసీ అయితే కిలోకు సుమారు 0.9 కిలోల కార్బన్ డయాక్సైడ్. మొత్తం నాలుగున్నర టన్నులు. ఇనుము ఘనపు మీటరుకు 80 కిలోలు వేసుకుంటే ఒక టన్ను. మన దేశంలో టన్ను ఉక్కు తయారీకి దాదాపు 2.5 టన్నులు వెలువడుతుంది. ఇక ఇసుక లారీ. 60 కిలోమీటర్ల లీడ్, రానుపోను 120. లీటరుకు 4 కిలోమీటర్లు నడిస్తే 30 లీటర్ల డీజిల్. లీటరుకు 2.7 కిలోల చొప్పున 80 కిలోలు.

ఆ మూడు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. సిమెంటూ ఇనుమూ కలిపి 7 టన్నులు, ఇసుక లారీ 80 కిలోలు. మనం అలవర్చుకోవాల్సిన మొదటి గుణం ఇక్కడుంది: బరువు ఎక్కడుందో అక్కడ శ్రద్ధ పెట్టడం. సైటులో లారీ పొగ కంటికి కనబడుతుంది కాబట్టి అందరూ దాని గురించే మాట్లాడతారు. సిమెంటు పొగ ఎక్కడో నల్లగొండ, కడప వైపు కర్మాగారాల్లో ఎప్పుడో పైకి పోయింది, మన కంటికి ఆనదు. మీ లెక్కకు మాత్రం ఆనాలి.

సిమెంటుకు అంత ఎందుకు పడుతుందో కూడా తెలుసుకోండి. కారణం తెలిసినవాడి మాటకు బలం వేరు. సున్నపురాయిని బట్టీలో కాల్చితే ఆ రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ విడిపోతుంది. సిమెంటు ఉద్గారాల్లో దాదాపు 60 శాతం ఇదే. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం బొగ్గు వంటి ఇంధనానిది. కాబట్టి ఫ్యాక్టరీ కప్పు మీద సోలార్ పలకలు పెట్టినంత మాత్రాన ఈ లెక్క పెద్దగా మారదు. అలా కాల్చగా వచ్చే క్లింకర్ వాటా తగ్గాలి. పీపీసీలో 15 నుంచి 35 శాతం దాకా ఫ్లైయాష్ కలుస్తుంది. స్లాగ్ సిమెంటులో 25 నుంచి 70 శాతం దాకా స్లాగ్ ఉంటుంది. రామగుండం, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రాల బూడిద, విశాఖ ఉక్కు స్లాగ్ మన పక్కనే ఉన్నాయి. పైన చెప్పిన శ్లాబుకు పీపీసీ వాడి, కిలోకు 0.65 వేసుకుంటే సిమెంటు వాటా నాలుగున్నర టన్నుల నుంచి మూడుంబావుకు దిగుతుంది. బస్తా ధర సాధారణంగా ఓపీసీకి మించదు.

మేస్త్రీ ఒప్పుకోకపోవచ్చు, ‘53 గ్రేడు లేకపోతే బలం ఉండదు’ అనవచ్చు. ఆయన అనుభవాన్ని కొట్టిపారేయకండి. పీపీసీకి బలం నిదానంగా వస్తుందన్నది నిజం. ఐఎస్ 456 ప్రకారం ఓపీసీకి కనీసం 7 రోజుల క్యూరింగ్ చాలు, పీపీసీ లాంటి మిశ్రమ సిమెంటుకు 10 రోజులు, పొడి ఎండల్లో 14 రోజులు కావాలి. సెంట్రింగ్ విప్పడమూ ఆలస్యమవుతుంది. ఆ నీళ్లు, ఆ కూలి, ఆ సెంట్రింగ్ అద్దె అన్నీ మీ ఎస్టిమేటులో కనబడాలి. మిగిలిన టన్నుంబావు గొప్పగా చూపించి, పెరిగిన రోజులు దాచే ఇంజినీరును సైటు మరోసారి నమ్మదు.

అంకెల్లో నిజాయితీ అంటే ఇంకొకటి కూడా. 7,081 కిలోలని రాయకండి, ‘సుమారు 7 టన్నులు’ అని రాయండి. గుణకం ఎక్కడిది, ఏ సంవత్సరానిది, ఫ్యాక్టరీ గేటు దాకానా, సైటు దాకానా అన్నది కిందే ఒక లైనులో పెట్టండి. ‘ఈ అంకె ఎక్కడిదయ్యా?’ అని డీఈ గారు అడిగినప్పుడు తడుముకోకుండా చెప్పగలిగితే చాలు. ‘ఇదెవరు అడిగారు?’ అనే సీనియర్లూ ఉంటారు. వాదనకు దిగొద్దు. రూపాయల ఆబ్‌స్ట్రాక్ట్ పక్కనే అరపేజీ పెట్టి ఊరుకోండి. రెండో ఎస్టిమేటుకో, మూడోదానికో ఆయనే ఆ అరపేజీ వెతుక్కుంటారు.

అన్నిటికన్నా ముఖ్యం ఎప్పుడు చెబుతామన్నది. డ్రాయింగులు ఖరారయ్యాక చెబితే సిమెంటు రకం మార్చడం తప్ప పెద్దగా ఏమీ మిగలదు. స్తంభాల మధ్య దూరం ఇంకా తేలనప్పుడే నోరు విప్పాలి. స్పాన్ పెరిగి శ్లాబు 125 నుంచి 150 మిల్లీమీటర్లయితే కాంక్రీటు ఐదో వంతు పెరుగుతుంది. మందం తగ్గించే అధికారం మీది కాదు, స్ట్రక్చరల్ ఇంజినీరుది. అడిగే అవకాశం మాత్రం మీదే. పాత భవనం ఫ్రేము గట్టిగా ఉంటే దాన్ని నిలబెట్టుకోవచ్చా అన్నది అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న. ఇంగ్లండులోని ఆంగ్లియన్ వాటర్ సంస్థ 2010ని ఆధారంగా పెట్టుకుని తన నిర్మాణాల కార్బన్‌ను సగానికి పైగా తగ్గించింది. దాంతోపాటు ఖర్చూ తగ్గింది. తక్కువ కడితే రెండూ తగ్గడం సహజమే కదా.

ఉద్యోగం సంగతీ సూటిగానే మాట్లాడుకుందాం. నిర్మాణ వ్యయాన్ని నమోదు చేసే అంతర్జాతీయ ప్రమాణం ఐసీఎమ్ఎస్ 2021 కూర్పులో ఖర్చునూ కార్బన్‌నూ ఒకే చట్రంలో పెట్టింది. బ్రిటన్‌లోని సర్వేయర్ల సంస్థ ఆర్ఐసీఎస్ పూర్తి జీవితకాల కార్బన్ లెక్కల ప్రమాణాన్ని 2023లో తిరగరాసింది. మన ఉక్కు మంత్రిత్వ శాఖ 2024 డిసెంబరులో గ్రీన్ స్టీలుకు నిర్వచనం ఇచ్చింది: టన్ను ఉక్కుకు ఉద్గారాలు 2.2 టన్నుల లోపు ఉండాలి. అంటే ఇనుము సరఫరా చేసేవాళ్లను ‘మీ అంకె ఎంత?’ అని అడగడానికి ఇవాళ మీకు ఆధారం ఉంది. గల్ఫ్‌లోనో, లండన్‌లోనో పనిచేయాలనుకునే తెలుగు క్వాంటిటీ సర్వేయర్లకు ఈ లెక్క రావడం పెద్ద అర్హత. ఎస్ఎస్ఆర్‌లో ఈ కాలమ్ వచ్చేదాకా ఎదురుచూస్తే అప్పటికి అందరికీ వచ్చేసి ఉంటుంది.

ఇప్పుడు మీ టేబుల్ మీదున్న ఎస్టిమేటు తెరవండి. రేటు పక్కన ఇంకో కాలమ్ గీయండి. ఈసారికి సిమెంటు, ఇనుము మాత్రమే నింపండి. ఇటుక, టైల్స్, అల్యూమినియం కిటికీలు తరవాతి ఎస్టిమేటులో చూద్దాం.