పస్కా రాత్రి - బాలుని ప్రశ్న

ఇంచుమించుగా మన చైత్రము వచ్చు దినములలోనే యూదులకు నీసాను నెల వచ్చును. వారును మనవలెనే అధికమాసము చేర్చి, చంద్రుని నెలలను ఋతువులతో సరిపరచుకొందురు. ఆ నెల నిండు వెన్నెల రాత్రి పస్కా పండుగ ఆరంభమగును.

యూదుల పూర్వులు ఐగుప్తు దేశమున ఫరో రాజునకు దాసులై ఇటుకలు చేసిరనియు, మోషే వెంట ఒక రాత్రి విడుదల పొంది వెడలిరనియు నిర్గమకాండము చెప్పుచున్నది. దీనిని స్థిరపరచు ఐగుప్తు శాసనము ఏదియు దొరకలేదు. అయినను ఒక జాతి తన్ను తాను ఎరుగుటకు ఈ కథయే ఆధారమైనది.

ఆ రాత్రి పళ్ళెరములోని వస్తువులలో ముఖ్యమైనది పులియని రొట్టె. వెడలు తొందరలో పిండి పులియుటకు వ్యవధి లేకపోయెనట. అందుచే నేటికిని పిండిలో నీరు పోసినది మొదలు 18 నిమిషములలో రొట్టె కాల్చి తీరవలెను. పండుగ ముగియువరకు ఇంట పులిసిన పిండి ఉండరాదు. ముందటి రాత్రియే దీపము పట్టుకొని మూలమూలలు వెదకుదురు. దోసెల పిండి పులియలేదని చింతించు మన ఇండ్లవారికి ఈ నియమము వింతగా తోచవచ్చును!

చేదుకూర దాస్యమునకు గుర్తు. ఉప్పునీట ముంచిన ఆకు కన్నీటికి గుర్తు. పండ్లు, గింజలు నూరిన తియ్యని ముద్ద ఇటుకల అడుసునకు గుర్తు. దీనిని ఐరోపా యూదులు ఆపిలు పండ్లతోను, ఇరాకు యూదులు ఖర్జూరపు పాకముతోను చేయుదురు. కాల్చిన ఎముక తినుటకు కాదు. క్రీ.శ. 70లో రోమనులు యెరూషలేము దేవాలయమును కూల్చిన పిమ్మట నిలిచిపోయిన గొఱ్ఱెపిల్ల బలికి అది జ్ఞాపకము. ఐగుప్తుపై పడిన పది తెగుళ్ళ పేర్లు చదువునపుడు, ఒక్కొక్క పేరునకు గిన్నెలోని ద్రాక్షారసము ఒక్కొక్క చుక్క తీసివేయుదురు. పగవారి బాధను తలచి తమ సంతోషమును తగ్గించుకొనుటయే ఇందలి భావమని పలువురు చెప్పుదురు. మాకు అన్నిటికంటె ఈ ఆచారమే మిన్నగా తోచినది.

ఈ వింతలన్నియు బాలునిచే ప్రశ్న అడిగించుటకే. ఈ రాత్రికిని తక్కిన రాత్రులకును భేదమేమని ఇంటిలో చిన్నవాడు అడుగును. పిమ్మటనే పెద్దలు కథ చెప్పుదురు. అడుగ నేరని బిడ్డకు తండ్రియే నేర్పవలెనని, క్రీ.శ. 200 ప్రాంతపు మిష్నా గ్రంథమున కలదు.

ఆ రాత్రి చదువు గ్రంథము హగ్గదా. అది ముఖ్యముగా హీబ్రూ భాషలోనిది; ఆకలిగొన్నవారిని పిలుచు తొలి మాటలు మాత్రము నాటి సామాన్యులు మాటలాడిన అరామిక్ భాషలో నున్నవి. దేశదేశములకు చెదరిన యూదులు దానిని తాము మాటలాడు భాషలలోనికిని మార్చుకొనిరి. మహారాష్ట్రమున తరతరములుగా నివసించిన బెనె ఇశ్రాయేలు అను యూదులకొరకు 1846లో బొంబాయిలో హీబ్రూ మరాఠీలు కూడిన హగ్గదా అచ్చయినది. 1874 నాటి పూనా ప్రతిలోని బొమ్మలో రొట్టెలు చేయు స్త్రీలు చీరలు కట్టి, జడలు వేసికొని యున్నారు. వారు పూర్వుల భాషను విడువలేదు; బిడ్డలకు తెలిసిన భాషను త్రోసివేయనును లేదు.

ఇంట బిడ్డలు లేనిచో ఆ ప్రశ్నను భార్య అడుగవలెను. ఆమెయు లేక, మనుష్యుడు ఒంటరియైనచో, ఆ రాత్రి తన్ను తానే అడుగుకొనవలెనని తల్ముదు విధించినది.