నల్లకోటు రాదు, అయినా చదువు

బుజ్జమ్మా,

క్రిమినాలజీ డిగ్రీలో చేరతానని పట్టుబట్టావని మీ అమ్మ ఫోన్లో ఒకటే గోల. "ఆడపిల్లకి దొంగల చదువేంటక్కా" అంటుంది. నేను మాత్రం లోలోపల మురిసిపోయాను. ఆ సంగతి దానికి చెప్పకు.

ఒకటడుగుతా, మూతి ముడవకు. ఆ డిగ్రీతో ఏమొస్తుందో కనుక్కున్నావా? ఎస్సై పరీక్షకి ఏ డిగ్రీ అయినా చాలు. నల్లకోటు వేసుకోవాలంటే ఆపైన మూడేళ్లు లా చదవాల్సిందే. ఫోరెన్సిక్ ల్యాబుకి సైన్సు కావాలి. ఏ దారో తేల్చుకోకుండా ఫీజు కట్టావో, చెవి మెలేస్తా. తేల్చుకున్నావా, పుస్తకాల ఖర్చు నాది.

నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తల్లో ఒక కత్తి కేసు చూశాను. గుడ్డసంచి, లక్క సీలు, చీటీ మీద పంచుల సంతకాలు, అన్నీ పక్కాగా ఉన్నాయి. తీరా బోనెక్కాక, పంచనామాలో రాసిన టైముకి తాను ఊళ్లోనే లేనన్నాడు పంచు. ముద్దాయి వకీలు ఇంకో ప్రశ్న వేయకుండా కూర్చున్నాడు. నీ సీరియళ్లలో ఇలాంటివి చూపించరే తల్లీ. ఇప్పుడు సోదాలు వీడియో తీయాలని చట్టమే చెబుతోంది. మంచిదే. కానీ పంచనామా రాసేది స్టేషన్ రైటరే కదా!

2024 జూలై 1 నుంచి కొత్త చట్టంలో హత్యకి సెక్షన్ 302 పోయి 103 వచ్చింది. మా బార్ రూములో ఇంకా నోరు తిరగట్లేదు. అంతకు ముందు జరిగిన నేరాలకి పాత ఐపీసీయే. అందుకని రెండూ చదువు, తప్పదు.

అన్నిటికన్నా ముందు నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 479 చదువు. మన జైళ్లలో దాదాపు నలుగురిలో ముగ్గురు ఇంకా శిక్ష పడనివాళ్లే. ఉరి, యావజ్జీవం పడే నేరం కాకుండా, ఇంతకు ముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలే గడిపేస్తే, వేరే కేసులు లేకపోతే బాండు మీద వదలాలి. జైలు సూపరింటెండెంటే కోర్టుకి దరఖాస్తు పెట్టాలి. ఆ రోజులు లెక్కగట్టి అడిగేవాళ్లు తక్కువ. నువ్వు అది నేర్చుకుంటే చాలు, నీ డిగ్రీ మీద నాకు ఇంక పేచీ లేదు.

సెలవులకి రా. ఒక సోమవారం మేజిస్ట్రేట్ కోర్టులో కూర్చోబెడతా. వకీళ్ల వాదనలకన్నా వరండాలో వాయిదా కోసం కూర్చున్నవాళ్లని చూడు. ఫోను మాత్రం ఆపేసి లోపలికి రా, మోగిందంటే నేను కూడా కాపాడలేను.

మీ పెద్దమ్మ