నాలుగు ఎత్తుల్లో ఎలా ఓడిపోయాను?



సెలవుల్లో మా మేడం మమ్మల్ని ముగ్గురిని హైదరాబాదు తీసుకుపోయారు. నారాయణగూడలో చదరంగం పోటీ. మా గూడెం అక్క గ్రూప్స్ కోచింగు కోసం అశోక్‌నగర్‌లో ఉంటుంది. ఆమె గదిలోనే పడుకున్నాం.

మొదటి ఆటలోనే నాలుగు ఎత్తుల్లో ఓడిపోయాను. పక్కబల్లల వాళ్లు ఇంకా ఆట మొదట్లోనే ఉన్నారు. మా ఇంట్లో బడి మొహం చూసింది నేనే మొదలు. 'గూడెం పిల్లలకు ఇది రాదు' అనుకుంటారేమోనని ఏడుపొచ్చింది.

సాయంత్రం అక్క చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీకి తీసుకుపోయింది. ఆమెకు చదరంగం రాదు. "తప్పుపోయిన లెక్కను మళ్లీ చేస్తాం గదా, అట్లే ఆటను కూడా రాయి" అన్నది. రాశాను.

గళ్లకు అడ్డంగా ఏ నుంచి హెచ్, నిలువుగా 1 నుంచి 8 పేర్లు. నావి నల్లపావులు.

1. తెల్ల బంటు ఈ4, నా బంటు ఈ5.
2. తెల్ల ఒంటె సీ4, నా గుర్రం సీ6.
3. తెల్ల మంత్రి హెచ్5, నా గుర్రం ఎఫ్6.
4. మంత్రి ఎఫ్7 బంటును కొట్టింది. ఆటకట్టు!

మూడో ఎత్తులో మంత్రిని బెదిరించానని మురిశాను. అదే తప్పు. ఎఫ్7 బంటుకు మొదట్లో రాజు ఒక్కడే కాపలా. మంత్రికి వెనకాల ఒంటె కాపు ఉంది కాబట్టి రాజు దాన్ని కొట్టలేడు. మా చేను కంచె ఎక్కడ పలచగా ఉంటే పంది అక్కడే దూరుతుంది. ఇదీ అంతే. దీన్ని స్కాలర్స్ మేట్ అంటారు.

మరి ఏం చేయాలి? మూడో ఎత్తులో ముందు జీ7 బంటును జీ6కు జరపాలి. మంత్రి దారి మూసుకుపోతుంది, అది వెనక్కి పోవాల్సిందే. ఎఫ్3కి పోయి మళ్లీ ఎఫ్7 మీద కన్నేస్తే, అప్పుడు గుర్రాన్ని ఎఫ్6కు తేవాలి. ముందు కంచె, తరువాత బెదిరింపు.

మర్నాడు ఇంకో అమ్మాయి నా మీద అదే ఎత్తు వేసింది. నా చెయ్యి వణికింది గానీ బంటునే జరిపాను. ఆట గంటసేపు సాగి డ్రా అయింది. పోటీ మొత్తంలో నాకు వచ్చింది ఆ అర పాయింటే. లేచేటప్పుడు ఆ అమ్మాయి చెయ్యి కలిపి "మీది ఏ స్కూలు?" అని అడిగింది. మన బడి పేరు గట్టిగా చెప్పాను.

గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. అప్పుడు ఆమెకు 15 ఏళ్లు, నాకంటే ఒక్క ఏడే పెద్ద. 2019లో, 2024లో ప్రపంచ మహిళల ర్యాపిడ్ పోటీ గెలిచారు.

చెల్లెళ్లారా, ఆదివారం బల్ల దగ్గరికి రండి. నేను ఓడిన ఆటనే ముందు ఆడదాం.

– 9వ తరగతి విద్యార్థిని