ముందు నీటి నడక, తరవాతే విత్తనం
(సందేహాలు - సమాధానాలు)

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా నీళ్ల గురించే. కొందరికి ఎక్కువై బాధ, కొందరికి చాలక, ఇంకొందరికి ఉప్పై. అన్నిటికీ విడివిడిగా రాయలేను కాబట్టి, పదిమందికి పనికొచ్చేవి ఏరాను.

*

సందేహం: ఎర్రకాలువ పొంగినప్పుడల్లా మా చేను మునిగిపోతుందండి. ఊడ్చి నెల తిరక్కుండానే నీళ్లు పైరు మీదుగా పోతాయి. స్వర్ణ సబ్-1 వేస్తే పదిహేను రోజులు మునిగినా చావదని పక్క చేనాయన అంటున్నాడు. నమ్మొచ్చాండి?
– ఒక కౌలు రైతు, నిడదవోలు మండలం

సమాధానం: మీ చేనుకి నమ్మొచ్చండి. అందరి చేలకీ కాదు.

మామూలు వరి మునిగితే గాలి కోసం పైకి సాగుతుంది. ఒంట్లో దాచుకున్న పిండిపదార్థమంతా ఆ సాగడానికే అయిపోతుంది. తీరా నీళ్లు తీసేసరికి నిలబడే సత్తువ లేక వాలిపోతుంది. సబ్-1 జన్యువు ఉన్న మొక్క అలా కాదు. ఎదుగుదల ఆపేసి, ఉన్న బలం దాచుకుని, నీళ్లు పోయేదాకా ఓపిక పడుతుంది. దాదాపు రెండు వారాల దాకా తట్టుకుంటుంది. అయితే బురద నీళ్లలో మొక్కకి వెలుతురు అందదు, ఆ గడువు తగ్గిపోతుంది. వరద నీళ్లు ఎప్పుడూ బురదగానే వస్తాయి కాబట్టి పదిహేను రోజుల లెక్క పూర్తిగా నమ్ముకోకండి.

ఇది ముంచెత్తి వెళ్లిపోయే వరదకు పనికొచ్చే విత్తనం. పైరు పూత మీద ఉండగా మునిగితే సబ్-1 కూడా కాపాడలేదు. కోనసీమలో మోకాలి లోతు నీళ్లు నెలల తరబడి నిలిచే బాడవ భూములకూ ఇది చాలదు. అక్కడ తల పైకి పెట్టుకుని నీళ్లలోనే పిలక వేసే రకం కావాలి. పుల్ల పరిశోధన స్థానం నుంచి వచ్చిన పి.ఎల్.ఎ. 1100 పేరే ‘బాడవ మహసూరి’. మార్టేరు వరి పరిశోధన స్థానం వారి ఎం.టి.యు. 1064 ‘అమర’ కూడా ముంపు ప్రాంతాలను దృష్టిలో పెట్టుకుని తెచ్చిందే. నీళ్లు ఎన్నాళ్లు ఉంటాయో, ఎంత లోతు ఉంటాయో, పైరు ఏ వయసులో ఉండగా వస్తాయో మీ దగ్గర లెక్క ఉంటే రకం ఎంచుకోవడం సులువు.

నీళ్లు తీసిన మర్నాడే యూరియా బస్తాతో చేలోకి దిగకండి. ఒక ఏడు నేను కూడా తొందరపడి ఒక రైతుకి అలాగే చెప్పాను. తేరుకోవాల్సిన దుబ్బులు కుళ్లిపోయాయి. ఆ చేను ఇప్పటికీ నా కళ్లముందే ఉంటుంది. వారం ఆగండి. అక్కడక్కడా నాలుగైదు దుబ్బులు పీకి, మొదలు గోటితో చీల్చి చూడండి. లోపల మొవ్వు తెల్లగా, గట్టిగా ఉంటే బతికున్నట్టే. గోధుమ రంగుకి తిరిగి, వేలికి జావలా తగిలి, వాసన కొడితే ఆశ లేదు. కొత్త ఆకు కనబడ్డాకే ఎకరాకు 20 కిలోల యూరియా, 10 కిలోల పొటాష్ వేయండి.

మీరు కౌలుకు చేస్తున్నానని రాశారు. ఈ-పంటలో సాగుదారుగా మీ పేరే నమోదైందో లేదో ఇప్పుడే చూసుకోండి. మునిగాక పరిహారం కోసం చూసుకుంటే ఆలస్యమైపోతుంది.

ఇంకొక్క మాట. విత్తనం కొన్నాళ్లు ఓపిక పట్టగలదు, అంతే. గుర్రపుడెక్కతో పూడుకుపోయిన డ్రెయిన్‌ను అది బాగు చేయలేదు. 2011 సార్వాలో కోనసీమ రైతులు ముంపు నష్టాలతో గిట్టుబాటు లేక క్రాప్ హాలిడే అని ఊడ్పులే మానేశారు. అలాంటి రోజు మళ్లీ రాకూడదంటే వానలకు ముందే డ్రెయిన్ల పూడిక తీయాలి. అది అడిగి చేయించుకోవడం మన హక్కు.

*

సందేహం: మన మార్టేరు ఉండగా, ఎక్కడో ఫిలిప్పీన్స్‌లో జరిగే పరిశోధన గోదావరి రైతుకి ఎందుకు?
– ఒక డిగ్రీ విద్యార్థి, రాజమహేంద్రవరం

సమాధానం: మార్టేరు మీద మీ అభిమానం నాకూ ఉంది. 1925లో మొదలైన ఆ స్థానానికి నూరేళ్లు నిండాయి. కానీ స్వర్ణ పుట్టుక వింటే, ఊరి విత్తనం ఎంత దూరం తిరిగి ఇంటికి వస్తుందో మీకే తెలుస్తుంది.

1950లలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ పూనికతో కటక్‌లో ఆసియా దేశాల వరి రకాలను సంకరపరిచే పని జరిగింది. తైవాన్‌కు చెందిన తైచుంగ్ 65, మలయాకు చెందిన మాయంగ్ ఎబోస్ 80 కలిసి పుట్టిన సంతతిలోంచి మలేసియా వాళ్లు ఒక రకాన్ని ఏరి 1965లో విడుదల చేశారు. అదే మహసూరి. అది మన దేశానికి తిరిగొచ్చి తెలుగు చేలల్లో స్థిరపడింది. మార్టేరు శాస్త్రవేత్తలు దాన్ని వశిష్ఠతో కలిపారు. అవును, మన గోదావరి పాయ పేరున్న వరి రకమే అది. ఆ కలయికలో వచ్చిన ఎం.టి.యు. 7029ని 1982లో స్వర్ణగా విడుదల చేశారు. గోదావరి దాటి ఒడిశా, బెంగాల్, బీహార్, బంగ్లాదేశ్ దాకా పాకింది.

ఆ ప్రాంతాల్లోనే వరద దాన్ని ముంచింది. ముంపుకి మందు ఒడిశా పల్లెల పాత వరిలో ఉంది. దాన్నుంచి ఏరిన ఎఫ్.ఆర్. 13ఎ రకాన్ని ఫిలిప్పీన్స్‌లోని లాస్ బానోస్‌లో ఉన్న అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ భద్రపరిచింది. అందులోని సబ్-1ఎ జన్యువు సంగతి 2006లో ప్రపంచానికి తెలిసింది. డి.ఎన్.ఎ. గుర్తుల సాయంతో ఆ ఒక్క భాగాన్నే స్వర్ణలోకి దించి, మిగతాదంతా స్వర్ణగానే ఉంచారు. మామూలు సంకరంతోనే చేసిన పని కాబట్టి ఇది జన్యుమార్పిడి పంట కాదు. 2009లో మన దేశంలో విడుదలైంది.

ఇందులో ఎవరి వాటా ఎంతని విడదీస్తారు? నా మట్టుకు నాకు మొదటి దండం ఆ ఒడియా రైతులకే. దిగుబడి తక్కువైనా తరతరాలుగా ఆ గింజను పారేయకుండా కాపాడింది వాళ్లే.

*

సందేహం: దాళ్వాకి నీళ్లు వంతులవారీగా ఇస్తున్నారు. తడి-పొడి పద్ధతి పెడితే దిగుబడి పడిపోదాండి? ఏప్రిల్ వచ్చేసరికి తాలు కూడా ఎక్కువవుతోంది.
– పెనుగొండ మండల రైతు

సమాధానం: సరిగ్గా పెడితే పడిపోదండి. అడుగు పొడవున్న పి.వి.సి. గొట్టం ముక్క తీసుకుని, కింది సగానికి చుట్టూ బెజ్జాలు వేసి, గట్టుకి దగ్గరగా చేలో పాతండి. లోపలి మట్టి తీసేస్తే, భూమి కింద నీళ్లు ఎక్కడున్నాయో కంటికి కనబడుతుంది. నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్లీ తడి పెట్టి, 5 సెంటీమీటర్లు నిలపండి. ఊడ్చిన మొదటి రెండు వారాలు, పూత సమయంలో మాత్రం నీళ్లు తగ్గకూడదు. ఎప్పుడూ నీళ్లు నిలిచిన మట్టికి గాలి ఆడక మీథేన్ పుడుతుంది. మధ్యమధ్య ఆరనిస్తే అదీ బాగా తగ్గుతుంది. కాలువ మొదట్లో ఉండి, తూము మీ చేతిలో ఉంటేనే ఇది కుదురుతుంది. శివారు రైతు వంతు వచ్చినప్పుడు నీళ్లు వద్దనుకుంటే, మళ్లీ ఎప్పుడొస్తాయో తెలియని భయం ఉంటుంది. ఆ భయం న్యాయమైందే. బోదె కింద రైతులంతా ఒక మాట మీదుంటే తప్ప ఒక్కడి వల్ల కాదు.

తాలు సంగతి వేరు. పూత వేళ ఎండ 35 డిగ్రీలు దాటితే పుప్పొడి చెడి గింజ పట్టదు. రాత్రి ఉక్క కూడా తక్కువ చేటు కాదు. ఎండాకాలపు పంటలో రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి పదో వంతు తగ్గిందని లాస్ బానోస్ పొలాల లెక్కలు చూసి 2004లో తేల్చారు. దీనికి చేతిలో ఉన్న మందు ఒక్కటే. సార్వా కోత ఆలస్యం కాకుండా, దాళ్వా నారు ముందే పోసుకుని, ఎండలు ముదరకముందే పూత దాటించండి.

*

సందేహం: పక్కన రొయ్యల చెరువు తవ్విన దగ్గర్నుంచి మా అరెకరంలో నారు మాడిపోతోంది బాబూ. జిప్సం వేయమంటున్నారు. వేయనా?
– ఒక మహిళా రైతు, మొగల్తూరు మండలం

సమాధానం: ఆగమ్మా, ముందు మట్టి పరీక్ష చేయించు. జిప్సం కారు చౌడుకి మందు, అంటే పి.హెచ్. 8.5 దాటిన నేలకి. చెరువు నుంచి వచ్చిన ఉప్పు ఊట అయితే అది పాల చౌడు. మట్టిలో ఉప్పు మోతాదు చూపే ఇ.సి. 4 దాటితే అదేనని గుర్తు. దానికి జిప్సం డబ్బు దండగ. మంచి నీళ్లు నిలగట్టి, ఉప్పు కరిగాక తీసేయడమే వైద్యం. రెండు మూడు సార్లు చేయాలి. ఊడ్పులకు ముందు జీలుగ చల్లి పూత దశలో కలియదున్ను, ఉప్పు నేలలోనూ అది బాగా ఎదుగుతుంది. నెల దాటిన ముదురు నారు, కుదురుకి రెండు మొక్కలు ఎక్కువగా నాటించు. మచిలీపట్నం పరిశోధన స్థానం ఉప్పు నేలల కోసమే ఎం.సి.ఎం. 100, 101 రకాలు తెచ్చింది. ఇందాక చెప్పిన తడి-పొడి నీకు పనికిరాదు, నేల ఆరితే ఉప్పు పైకి ఎగదన్నుతుంది.

చెరువుకీ చేనుకీ మధ్య ఊట కాలువ లేకపోతే ఇవన్నీ ఏటేటా చేస్తూనే ఉండాలి. ఆ కాలువ తవ్వాల్సింది చెరువు ఉన్నాయన. ఒక్కదానివే అడగకు, పక్క రైతులతో కలిసి అర్జీ పెట్టు.

*

సందేహం: తుపాను వానకి పనలు తడిసి మొలకలొస్తున్నాయి. ఏం చేయాలి?
– చాలామంది రైతులు

సమాధానం: ముందు చేలో నీళ్లు పోయేలా గట్లు కొట్టండి. లీటరు నీటికి 50 గ్రాముల కల్లుప్పు కరిగించి పనలు తడిసేలా పిచికారి చేయండి, మొలక ఆగుతుంది. వాన తెరిపివ్వగానే పనలు తిరగేయండి. ఇంకా కోయని చేను పడిపోతే నాలుగైదు దుబ్బులు కలిపి కట్టి నిలబెట్టండి. ఈ ధాన్యాన్ని వచ్చే సార్వాకి విత్తనంగా మాత్రం దాచకండి.